ముగ్గురి నొప్పి

“నల్లా గిట్ల దారమంత ఇడిస్తె డ్రమ్ము ఎప్పుడు నిండాలె? ఇంకింత సేపైతే నీళ్లు బందైతయి!” అంటూ సత్తవ్వ కోడలు కళ్యాణిని పక్కకు జరిపి, ఎడమచేత్తో నల్లాను పూర్తిగా తిప్పింది. కూతురు రమ పోయినప్పటి నుంచి ఆమె కుడిచేయి భుజం దాటి లేవడం లేదు.

“వద్దత్తమ్మా... సన్నగనే రానియ్!”

“నీళ్ల చప్పుడుకు గూడ భయమేనా? మంచి మారాణి దొరికింది మాకు!”

ఖాళీ డ్రమ్ములో నీళ్లు భళ్లున పడ్డాయి. కళ్యాణి కడుపు పట్టుకుని గోడకు జారగిలబడిపోయింది. నిరుడు కోరుట్లలో పెళ్లి చూసుకుని సిరిసిల్లకు వస్తుంటే ఆటో కాలువలో పడిన రోజు... చెవుల్లో ఇదే హోరు! తన పిడికిట్లో ఆడబిడ్డ రమ వేళ్లు... ఒక్కొక్కటే జారిపోయాయి! అప్పటి నుంచి కడుపునొప్పి, నడుమునొప్పి, కంటికి కునుకు లేదు. స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. అయినా గర్భసంచి తీయిస్తే అన్నీ పోతాయని ఇంట్లో తేల్చేశారు. రేపు, సోమవారమే, జగిత్యాలలో ఆపరేషన్! ముప్పై ఒక్క ఏళ్లకే... ఏ జబ్బూ లేని అవయవాన్ని ఎందుకు కోయించుకోవాలో అడిగితే వినేదెవరు?

నీళ్లు నిండిన కళ్లతో భర్త కోసం చూసింది. మరమగ్గాల సాంచాల పనికి సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్న కుమార్, గడప దగ్గర రెండు పిడికిళ్లూ కడుపులో అదుముకుని వంగిపోయి ఉన్నాడు. నుదుటి నిండా చెమట! గ్యాస్ అని అందరూ అనుకునే నొప్పి... తనకు వచ్చిన క్షణానే, తనకు వచ్చిన చోటే! ఏడాదిగా ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇన్నాళ్లూ చూడనే లేదు!

మధ్యాహ్నం అన్నాల దగ్గర సత్తవ్వ మళ్లీ ఎత్తుకుంది. “ఇద్దరు పిల్లలైరి. ఇంక గా సంచి ఎందుకే? రేపు పొద్దుగాల్నే తయారుండు.”

కుమార్ ముద్ద కింద పెట్టాడు. “అవ్వా, మరి నాకు ఏం సంచి తీయిస్తవ్?”

“ఏంది రా గా మాటలు?”

“నాకు గూడ కడుపు నొస్తున్నది. గదే జాగల, గదే దినం సంది. నాకు గర్భసంచి లేదు గదా!” జేబులోంచి నలిగిన చీటీ తీశాడు. “పెద్ద దవాఖానల పైపు ఏసి చూసిండ్రు. కడుపుల పుండు ఉన్నదట. గని ఉత్త మందులతోని తక్కువ గాదు, లోపటి భయం ఒంట్లెకు దిగింది, మనసు డాక్టర్‌కు చూపియ్యమని రాసిచ్చిండ్రు. పిచ్చోడంటరని మూడు నెలల సంది దాచిన...” అతను తల్లి వైపు తిరిగాడు. “ముందు కళ్యాణిని కాలువలకెల్లి గుంజిన అవ్వా... రమ కోసం మళ్ల మునిగేటాల్లకు...”

“నా చేతులకెల్లే జారింది!” కళ్యాణి భోరుమంది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో రమ పేరు వినబడడం అదే మొదలు. ఇక అత్తమ్మ తిడుతుందో, తరిమేస్తుందో!

సత్తవ్వ దగ్గరికి జరిగింది. కుడిచేయి చాచి కోడలి తల నిమరబోయింది. అది సగంలోనే ఆగిపోయింది. కళ్యాణే తల వంచి ఆ చేతి కిందికి తెచ్చింది.

“ఆపరేషన్ లేదు బిడ్డా,” అంది సత్తవ్వ. “రేపు ముగ్గురం పోదాం. గా డాక్టర్‌కు నా చెయ్యి గూడ చూపెడ్త.”