చంకలో బిళ్ళ

ఏజెంట్ ఆదెప్ప గల్ఫ్‌లో, ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంప్‌లో, తోటి ఏజెంట్ నర్సింగ్ ఒళ్ళో తల పెట్టుకుని చనిపోయాడు. పోస్ట్‌మార్టంలో అతని ప్లీహం ఉబ్బి పగిలి ఉంది. అప్పటి నుంచి నర్సింగ్ ఎక్కడికి వెళ్ళినా వెనక ఆదెప్ప దగ్గు వినిపిస్తోంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గూఢచారులకు దయ్యాల భయం ఉండదంటారు గానీ, అనేవాళ్ళు ఎన్నడూ ఫీల్డ్‌లో పనిచేసి ఉండరు.

ముషైరిబ్‌లో ఒక ట్యాక్సీ వచ్చి ఆగింది.

"అల్ వుకైర్ పోతవా?" అన్నాడు నర్సింగ్.

"పెట్రోల్ మాఫీ, అయిపోయింది," అన్నాడు డ్రైవర్.

కోడ్ కుదిరింది. డ్రైవర్ వేషంలో ఉన్నది చీఫ్ గౌస్ మొహియుద్దీన్. వెనక సీట్లో అత్తరు వాసనతో మెహర్ సుల్తానా. డిపార్ట్‌మెంట్ ఆమెను ఆ క్యాంప్ క్లినిక్‌లో నర్సుగా పెట్టింది. ఆమె నవ్వితే సెక్యూరిటీ గార్డులు గేటు వెయ్యడం మరచిపోతారు.

"జర ఇను భాయ్," గౌస్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "ఆదెప్పను సంపిన జెర్మ్‌ను ఒక విదేశీ ముఠా క్యాంప్ నీళ్ళ ట్యాంక్‌ల కలుపుతదట. వరల్డ్ కప్ స్టేడియం పనులు ఆగాలె, అదీ ప్లాన్. రక్తాన్ని వడగట్టేది ప్లీహం గద, జెర్మ్ ఆడనే దూరుతది. కలిపెటోడు మాత్రం ముందుగాల టీకా ఏసుకుంటడు. మందు చేతి నుంచి చంకల లింఫ్ గ్రంథికి పోతది. అదొక చెక్‌పోస్ట్. తెల్లకణాలు ఆడ శత్రువు మొహం గుర్తుపట్టి ఫౌజు తయారు చేస్తయి. ఆ గడబిడకు గ్రంథి ఉబ్బుతది."

"చంకల బిళ్ళ కడ్తది."

"అదే. ఈ సంగతి మన ముగ్గురికే ఎరుక. బిళ్ళ ఉన్నోన్ని పట్టు."

నర్సింగ్ సెంట్రింగ్ మేస్త్రీ వేషంలో క్యాంప్‌లో చేరాడు. స్నానాలకు వెళ్ళేవాళ్ళ చంకలు తొంగి చూడటం ఏ ఏజెంటుకూ గౌరవమైన డ్యూటీ కాదు. కొన్నాళ్ళకు, పొద్దున బస్సు ఎక్కేముందు, పక్క మంచం మల్లన్న భుజం పట్టుకుని మూలిగాడు.

"ఏమైంది మల్లన్నా?"

"చంకల బిళ్ళ కట్టింది. నాకొక్కనికే కాదు, అందరికీ అంతే. మొన్న మెహర్ సిస్టర్ మనోళ్ళందరికి ఫ్లూ సూది ఏసింది గద."

నర్సింగ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అందరికీ బిళ్ళ కడితే దొంగ ఎవరో తేలేదెలా? ఆ గుర్తును చెరపాలంటే ముందు అది తెలిసి ఉండాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెనక ఆదెప్ప దగ్గాడు. ఈసారి నర్సింగ్ తిరిగి చూడకుండా నీళ్ళ ట్యాంక్ ఉన్న మిద్దె మీదికి పరుగెత్తాడు.

మెహర్ ట్యాంక్ నిచ్చెన మీద ఉంది. కుడిచేతిలో బిరడా తీసిన సీసా. ఎడమచేత్తో ట్యాంక్ మూత ఎత్తబోయింది. చెయ్యి భుజం దాటి లేవలేదు. టీకా వేసుకున్నది ఆ చేతికే, ఆ చంకలోనే బిళ్ళ కట్టింది. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తింది. మూత జానెడు లేచింది, సీసా వంగింది. నర్సింగ్ ఆమె మణికట్టు పట్టేసి, సీసా లాక్కుని బిరడా బిగించాడు.

"ఆదెప్పకు చాయ్ ఇచ్చింది నేనే," అంది మెహర్ మెల్లగా. "పాపం, షుక్రియా చెప్పిండు."

నర్సింగ్‌కు ఆమెను అక్కడి నుంచి తోసెయ్యాలనిపించింది. కింద కుళాయి దగ్గర కుర్రాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకుంటున్నారు. వాళ్ళను చూస్తూ నిలబడి, ఆమె చేతికి బేడీ వేశాడు.

"రిపోర్ట్‌ల ఏం రాయాలె?" అన్నాడు గౌస్, ట్యాక్సీలో. "ముఠాను ఆపిందెవ్వరు?"

"బిళ్ళ అని రాయి భాయ్. ఆమె దగ్గర నమ్మకంగ డ్యూటీ చేసింది అదొక్కటే."