వెనక జట్టు

తెల్లరాయి దగ్గర మోతకుర్చీ దించకూడదు. మా తూర్పు కొండల్లో బోయీ పనికి దిగే ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే మాట ఇది. భుజం ఒరుసుకుపోనీ, కాలు జారనీ, కుర్చీలో దొర దించమని కర్రతో పొడవనీ... ఆ రాయి దాటేదాకా కుర్చీ నేలకు తగలకూడదు. పొద్దుగూకాక ఆ కనుమ ఎక్కనే కూడదు.

ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు మొహం తిప్పుకుంటారు. మరీ పట్టుబడితే గొంతు తగ్గించి చెబుతారు.

పదిహేనేళ్ళ కిందట — ఫ్రెంచివాళ్ళు మా మడగాస్కరులో కొత్తగా పాతుకుంటున్న రోజుల్లో — ఒక గవర్నరు జిల్లాలు చూడ్డానికి బయల్దేరి, ఆ కనుమలోనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జ్వరంతో పోయాడట. మోస్తున్న నలుగురికీ చాలాసేపు తెలియను కూడా తెలియలేదు. తెలిశాక కుర్చీ దించి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు పాపం. పారిపోయే తెలివి కూడా లేకపోయింది. సిపాయిలు వచ్చి, విషం పెట్టారని నేరం మోపి, నలుగురినీ ఆ రాయికే కట్టి కాల్చేశారు. అక్కడే పాతేశారు. తండ్రితాతల సమాధిలో చోటు దొరక్కుండా పోవడం కంటే పెద్ద శిక్ష మా దేశంలో మనిషికి లేదు.

"వాళ్ళ వంతు ఇంకా పూర్తవలేదు" అంటారు మావాళ్ళు. అంతకుమించి చెప్పరు.

ఇదంతా తెలిసీ సిలావు అనే బోయీ ఆ రాత్రి కనుమ ఎక్కాడంటే పొగరుతో కాదు, తమ్ముడి కోసం.

తమ్ముడు జాఫీ గవర్నరుగారి రోడ్డు పనిలో ఉండగా తల్లి పోయింది. ప్రతి మగాడూ ఏడాదికి ఇన్ని రోజులని సర్కారుకు వెట్టి చెయ్యాల్సిన కాలం అది. సెలవడిగాడు, ఇవ్వలేదు. పార పడేసి వెళ్ళి తల్లిని సమాధిలో పెట్టి, నాలుగోరోజు తనంతట తనే వచ్చి మళ్ళీ పార పట్టుకున్నాడు, పిచ్చి సన్నాసి. మూడేళ్ళు ఖైదీల దీవికి పంపమని తీర్పు రాసి, ఓడ వచ్చేదాకా రేవు ఠాణాలో పడేశారు. ఆ దీవికి వెళ్ళినవాళ్ళ బట్టలు తిరిగొచ్చాయి గానీ మనుషులు తిరిగొచ్చింది ఎవరూ చూడలేదు.

సిలావు గవర్నరుకు అర్జీ రాయించాడు. ఎనిమిది నెలలకి రాజధాని నుంచి ముద్రేసిన కాగితం బయల్దేరింది. జాఫీని వదిలెయ్యొచ్చు. కానీ ఓడ కదిలేలోపు అతని ఊరివాళ్ళు ఎనిమిదిమంది రేవు ఠాణాకు స్వయంగా వచ్చి, వేలిముద్ర వేసి జామీను నిలబడాలి. ఓడేమో మర్నాడు పొద్దెక్కేసరికి పోతుంది.

ఆ కాగితం రేకుపెట్టెలో పెట్టుకుని వస్తున్నవాడు ఫూర్నెల్ దొర, రేవు ఠాణాకు కొత్తగా వేసిన అధికారి. ఆయన్ని మోస్తున్నది సిలావు ఊరి బోయీలే. ముందు జట్టు నలుగురు, వెనక జట్టు నలుగురు. తనతో కలిపి సరిగ్గా ఎనిమిదిమంది... తలలు లెక్కపెట్టుకుని సిలావు పైకి చూసి దండం పెట్టుకున్నాడు.

కానీ దారిలో వాన పట్టుకుంది. ఏటి మీద వంతెన కొట్టుకుపోయింది. ఏరు తగ్గేదాకా కూర్చుని, దాటి, కనుమ మొదటికి చేరేసరికి చీకటి పడిపోయింది.

"పొద్దున్నే ఎక్కుదాం" అన్నాడు వెనక జట్టు పెద్ద లెమేనా. నోరు మూత పడనివాడు, నడుస్తూ కూడా ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు. "నాకు భయమని కాదన్నా. కాళ్ళే వినడంలేదు."

"పొద్దున్నే ఎక్కితే ఓడ పోయాక దిగుతాంరా" అన్నాడు సిలావు.

అందరూ రైనిమాంగా వైపు చూశారు. ఎనిమిదిమందికీ మేస్త్రీ ఆయనే. తల నెరిసినా ముందు జట్టులో ఇంకా సిలావు పక్కనే భుజం పెడతాడు. ఆయన కనుమకేసి చాలాసేపు చూశాడు.

"బాబాయ్... వాడు అమ్మ కోసం వెళ్ళాడు" అన్నాడు సిలావు.

"తెలుసురా" అన్నాడు ముసలాయన. "ఎత్తండి."

దొర టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రలోకి జారుకున్నాడు. దొరలకేం, వాళ్ళకు ఏ కనుమైనా ఒకటే.

బోయీల పని చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. నలుగురు మోస్తుంటే మిగతా నలుగురూ వెనక ఖాళీ భుజాలతో నడుస్తారు. వంతు మారేటప్పుడు కుర్చీ ఆగదు. వెనక జట్టువాడు చీకట్లో వచ్చి భుజం మీద రెండుసార్లు తడతాడు. నువ్వు వంగి పక్కకు జారతావు, అతను కుర్చీ బొంగు కింద భుజం దూరుస్తాడు. అడుగు తప్పదు, మాట ఉండదు, వెనక్కి తిరిగి మొహం చూడరు. చూస్తే బొంగు ఒరుగుతుంది. ఏళ్ళ తరబడి అలవాటైన పని కాబట్టి, తట్టింది ఎవరని ఎవరూ అడగరు.

కనుమలో ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. లాంతరు రెండుసార్లు ఆరింది, మూడోసారి వెలగలేదు. వెనకనుంచి లెమేనా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి — కోడిపుంజు గురించి, మేనత్త గురించి... మెల్లమెల్లగా తగ్గాయి.

తెల్లరాయి చీకట్లోనూ కనిపించింది. నలుగురూ తల దించుకుని, ఊపిరి బిగబట్టి దాటారు.

దాటాక సిలావుకు తెలిసింది... లెమేనా మాట్లాడటంలేదు.

భుజం మండిపోతోంది. వంతు మారాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. వెనక అడుగుల చప్పుడు లేదు. పిలుద్దామా అనుకున్నాడు, కానీ ఆ చోట నోరు తెరవడానికి ధైర్యం చాల్లేదు. ఇంకో వంద అడుగులు... ఇంకో యాభై...

అప్పుడు భుజం మీద రెండుసార్లు తట్టారు.

అమ్మయ్య అనుకున్నాడు సిలావు. వంగి పక్కకు జారాడు. రైనిమాంగా, మిగతా ఇద్దరూ కూడా జారారు. కుర్చీ ఆగకుండా ముందుకు సాగిపోయింది — కుదుపు లేదు, కిర్రుమన్న చప్పుడు లేదు, నీటి మీద ఆకులా పోతోంది. సిలావుకు ముచ్చటేసింది.

"లెమేనా, ఈ నడక ఎక్కడ దాచావురా ఇన్నాళ్ళూ" అని గొణిగాడు.

నీళ్ళ సొరకాయబుర్ర ముందుకు చాపాడు. ఎవరూ అందుకోలేదు. రాత్రి నడిపించినందుకు అలిగారనుకున్నాడు.

రైనిమాంగా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పలకరించకు" అన్నాడు గుసగుసగా.

"ఏం, బాబాయ్?"

"నడు... చప్పుడు విను."

సిలావు విన్నాడు. బురదలో నాలుగు జతల అడుగులు పడుతున్నాయి. నాలుగే. అవి తమవి.

అయినా కాళ్ళు ఆపలేదు. ఆపితే ఓడ పోతుంది, తమ్ముడు పోతాడు. బురద మెత్తగా ఉందిలే, అందుకే వినబడటంలేదని మనసుకు చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు గానీ నోరు మూసుకుని ఊరుకుంది.

మళ్ళీ తమ వంతు వచ్చింది. సిలావు చెయ్యి చాపి ముందున్న భుజం తట్టాడు. గుడ్డ తడిగా ఉంది. దాని కింద భుజం... రాయిలా ఉంది. అయినా అతను అలవాటు ప్రకారం వంగాడు, జారాడు. సిలావు అతని మొహం చూడలేదు.

అలా తెల్లవారేలోపు నాలుగుసార్లు వంతు మారింది. ప్రతిసారీ సరిగ్గా వేళకు తట్టారు.

కొండ దిగి రేవు చేరేసరికి ఓడ ఇంకా ఉంది. పొగ వదులుతోంది. చివరి వంతు సిలావు వాళ్ళదే కాబట్టి కుర్చీ దించింది వాళ్ళే. వెనక జట్టు ఎక్కడా కనబడలేదు. దొర ఆవులిస్తూ దిగాడు.

"ఇంత హాయిగా నన్ను ఎవరూ మొయ్యలేదోయ్" అని, పెట్టె తెరిచి కాగితం ఠాణా గుమస్తా చేతికిచ్చాడు. "ఎనిమిదిమంది చేతా ముద్రలు వేయించు. వెయ్యగానే వాణ్ణి వదిలెయ్యి."

సిలావు ఆగలేకపోయాడు. ఒడ్డుకు పరుగెత్తాడు. ఖైదీల గొలుసులో ఏడోవాడు జాఫీ. మనిషి సగమైపోయాడు. "అన్నా" అని మాత్రం అన్నాడు. చీటీ లేనిదే గొలుసు విప్పనన్నాడు సిపాయి. సిలావు వెనక్కి పరుగెత్తి వచ్చేసరికి వరండాలో గుమస్తా ఒక్కడే ఉన్నాడు.

"వెనక జట్టు వచ్చిందా అయ్యా?"

"వచ్చారు, వేశారు, వెళ్ళారు. ఏడు పడ్డాయి. నీదే ఆలస్యం" అని కసురుకున్నాడు గుమస్తా.

సిలావు బొటనవేలు నొక్కాడు. అనవసరంగా భయపడ్డానని నవ్వొచ్చింది. అరగంటకల్లా జాఫీ కాళ్ళకు గొలుసు లేదు. ఓడ కూతవేసి అతను లేకుండానే వెళ్ళిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఠాణా వంటపాక వెనక, మావాళ్ళ పద్ధతిలో అన్నం మాడిన గిన్నెలో కాచిన నీళ్ళు తాగుతూ ఏడ్చారు. ఎనిమిది నెలల ఏడుపు అది, ఎంతకీ తరగలేదు.

పొద్దు బాగా ఎక్కాక లెమేనా వచ్చాడు. వెనక ముగ్గురూ తలలు దించుకుని ఉన్నారు.

"కొట్టు అన్నా" అన్నాడు. "తెల్లరాయి ముందు మా కాళ్ళు ఆగిపోయాయి. అక్కడే చెట్ల కింద ముడుచుకుని పడుకున్నాం. నీ తమ్ముణ్ణి మేమే దీవికి పంపేశాం."

సిలావు నవ్వబోయాడు. లెమేనా కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు.

రైనిమాంగా అప్పటికే లేచి వరండాకేసి నడుస్తున్నాడు. అందరూ వెంట వెళ్ళారు.

"అయ్యా, ఆ ఎనిమిది పేర్లూ చదువుతారా?"

గుమస్తా విసుక్కుంటూనే పుస్తకం తెరిచాడు. మొదటి ముగ్గురివీ తెలిసిన పేర్లే. నాలుగోది లెవావు. అయిదోది బెత్సారా. ఆరోది మహాలా. ఏడోది బెకూతూ. నాలుగు ముద్రలూ సిరాతో వేసినవి కావు. ఎర్రమట్టి, ఇంకా తడి ఆరలేదు.

"నేను తలెత్తి చూడలేదయ్యా" అన్నాడు గుమస్తా. "పేరడిగాను, ఊరడిగాను. మీ ఊరే చెప్పారు."

రైనిమాంగా మెట్టు మీద కూలబడ్డాడు.

"నా ఈడువాళ్ళు" అన్నాడు. "ఆరోజు... గవర్నరు పోయిన రోజు... వెనక జట్టులో నేనున్నాను. రాయికి ముందే వంతు మాది. ఇంకాస్త మొయ్యనీలే అని నవ్వుకుంటూ వెనకపడ్డాం. భుజం తట్టి ఉంటే, ఆ రాయికి కట్టేది మమ్మల్నే. ఈ మాట నా పెళ్ళానికి కూడా చెప్పలేదు."

గుమస్తా పుస్తకం మూశాడు.

"మట్టికొట్టుకుని ఉన్న నలుగురేనా బాబాయ్?" అన్నాడు జాఫీ మెల్లగా. అతనికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. "అన్న చీటీ తేవడానికి వెళ్ళినప్పుడు నా పక్కనే నిలబడ్డారు. నాకు జామీను నిలబడ్డవాళ్ళని దండం పెట్టాను. వాళ్ళు నీ గురించే అడిగారు."

ముసలాయన తలెత్తాడు. "ఏమని?"

"మా వెనక జట్టువాడు రైనిమాంగా ఎక్కడ, అని."

"నువ్వేం చెప్పావురా?"

"ఇక్కడే ఉన్నాడని చెప్పాను" అన్నాడు జాఫీ. "ఈ రాత్రికి మళ్ళీ అదే కనుమ మీదుగా ఇంటికొస్తాడని..."