కూలర్ పంపుల దొంగ

"కదిలారంటే అరుస్తాను" అంది సుభద్ర.

కదలడానికి ఆ కుర్రాడికి వీలు కూడా లేదు. కుడిచెయ్యి మోచేతి దాకా కూలర్ తొట్టిలో ఉంది. ఎడమచేత్తో గడ్డి పలకను పట్టుకున్నాడు. పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ ఉంది. వెనక సందులో, ఎర్రటి ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం పూట ఒక మనిషి అంతకంటే అనుమానంగా నిలబడటం సాధ్యం కాదు.

"చెయ్యి బయటికి తియ్యండి."

తీశాడు. చేతిలో నీళ్లు కారుతూ పంపు.

"అది ఎవరిది?"

అతను స్క్రూడ్రైవర్ని జేబులో పెట్టుకున్నాడు. "మీదేనండి."

"మరి మీ చేతిలో ఎందుకుంది?"

"ఆయ్, పెట్టేస్తున్నానండి."

"పెట్టేస్తున్నారా, తీసేస్తున్నారా?"

అతను ఒకసారి పంపు వంకా, ఒకసారి నేల వంకా చూశాడు. "సగంలో చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయండి."

నిజం చెప్పేవాడి జవాబులా లేదది. సుభద్ర గట్టిగా పిలిచింది. "తాతా, ఒకసారి ఇలా రా."

ఆమె తాత పాపయ్య రైల్వేలో పాసింజరు బళ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మజ్జిగ చెంబు పట్టుకుని మెల్లగా వచ్చాడు. పరిస్థితి చూశాడు.

"పోనియ్యమ్మా. ఏదో పాడైతే చూశాడేమో" అన్నాడు.

ఆ మాట చెంబులోకి చూస్తూ అన్నాడు. సుభద్ర అది గమనించలేదు. ఆమె గమనిస్తున్నది ఆ కుర్రాడి కళ్లని. అవి ఆమె మొహం మీద ఒక్క క్షణం కూడా నిలవడం లేదు.

కుర్రాడి పేరు అమ్మిరాజు. అమలాపురం వైపు వాడు. రాయపూర్ శివారు ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్. మార్చిలో పక్కింటి రంగనాయకమ్మగారి పైవాటా గదిలో అద్దెకు దిగాడు. అతను వచ్చిన కొద్దిరోజులకే తెలీబంధాలోని ఆ సందులో కూలర్ పంపులు మాయమవడం మొదలైంది. పోయినవన్నీ తెలుగువాళ్ల ఇళ్లలోవే.

పంపు లేని కూలర్ ఉండీ లేనట్టే. గడ్డి తడవదు, ఫ్యాను తిరిగి వేడిగాలి కొడుతుంది. రాయపూర్ మే నెలలో ఆ గదిలో కూర్చోవడం కన్నా వరండాలో ఉడకడమే నయం. ఎనభై తొమ్మిదిలో ఎండలు మరీ మండిపోయాయి. దానికి తోడు రోజూ మధ్యాహ్నం కరెంటు కోత.

సుభద్ర ఎం.ఏ. సైకాలజీ రాస్తోంది. పరీక్షలు అయిపోయాయి, నేరస్థుల ప్రవర్తన మీద సిద్ధాంత వ్యాసం మిగిలింది. రోజంతా కూలర్ గదిలో తలుపు వేసుకుని పుస్తకాలతో కుస్తీ పట్టేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. రాసేది, కొట్టేసేది, లేచి పచార్లు చేసేది. పుస్తకంలోని నేరాలన్నీ ఎక్కడో ఏ దేశంలోనో జరిగినవి. ఇప్పుడు కిటికీ బయటే ఒకటి జరిగింది. అది ఆమెను నిలవనీయలేదు.

ఆ సాయంత్రమే రంగనాయకమ్మగారి వంటింట్లో ప్రత్యక్షమైంది.

"దొంగ ఎలాంటివాడో చెప్తాను, విను పిన్నీ. బయటినుంచి వచ్చినవాడు కాదు. కరెంటు పోగానే మనమంతా ముందు వరండాల్లోకి వస్తామని తెలిసినవాడు. పగలు ఇంటిపట్టున ఉండేవాడు. తీసిన పలక మళ్లీ సరిగ్గా బిగిస్తున్నాడు, వైరు కొసలకి టేపు చుట్టి మరీ వెళ్తున్నాడు. మత్‌లబ్, పద్ధతి ప్రకారం పనిచేయడం అలవాటైనవాడు. ఇంకోటి, వాడికి మాట్లాడే తోడు లేదు. ఒంటరివాడు."

రంగనాయకమ్మగారు చపాతీ కర్ర ఆపి, "నువ్వు చెప్తుంటే మా పైగది కుర్రాడే కళ్లముందు నిలబడ్డాడే" అంది.

"నేను పేరు చెప్పలేదు."

"ఇంకేం చెప్పాలి?"

"ఇవాళ మా కూలర్లో చెయ్యి పెట్టి దొరికాడు పిన్నీ. పైగా నన్ను చూస్తే చాలు, తల దించుకుంటాడు. ఒకటి అడిగితే ఒకటి చెప్తాడు. మొన్న గేటు దగ్గర నేను ఎదురైతే సైకిలు తాళం రెండుసార్లు కింద పడేసుకున్నాడు. తప్పు చేసినవాడి లక్షణాలు కావా అవి?"

"అరె, అదంతా ముందే చెప్పొద్దా" అంది రంగనాయకమ్మగారు. ఆ రాత్రే అమ్మిరాజుకు కబురు అందింది. ఆదివారం సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలి. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పకుండా ఉండటమే ఆవిడ చేస్తున్న దయ.

గెలిచినట్టు ఉండాలి సుభద్రకి. తీరా చూస్తే అన్నం సయించలేదు. వ్యాసం ముందు కూర్చుంటే అక్షరం కదలలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లడం, పైవాటా మెట్ల వంక చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. రెండు రోజులు ఇదే పని.

శనివారం అమ్మిరాజు గేటు దగ్గర ఎదురయ్యాడు. ఇప్పుడు అరుస్తాడు, దెబ్బలాడతాడు, లేదా నెపం ఇంకొకరి మీదకి నెడతాడు అని ఆమె సిద్ధంగా నిలబడింది.

"గది దొరికిందా?" అని తనే అడిగింది, కాస్త కటువుగా.

"బీర్‌గావ్‌లో చూశానండి. ఫ్యాక్టరీకి దగ్గరే."

"మీరేం చెప్పుకోరా?"

"ఏం చెప్పమంటారండి?"

"నేను తియ్యలేదు అని."

"ఆయ్, తియ్యలేదండి." వెంటనే తల దించుకున్నాడు. సైకిలు ఎక్కబోయి ఆగాడు. "ఒక్క మాటండి. మధ్యాహ్నాలు కాసేపు తాతగారి దగ్గర కూర్చోండి. నేను కూర్చునేవాణ్ని. రేపట్నుంచి ఉండను కదా."

సైకిలు వెళ్లిపోయింది. సుభద్ర అక్కడే నిలబడిపోయింది.

గది పోతున్నవాడు, పేరు పోతున్నవాడు, పోతూ పోతూ పక్కింటి ముసలాయన సంగతి చెప్పి వెళ్లడం ఏమిటి? తను చదివిన పుస్తకాల్లో ఏ దొంగా అలా చెయ్యలేదు.

ఆమె ప్రొఫెసరు క్లాసులో తరచు ఒక మాట అనేవారు. నేరం జరిగాక ఏం పోయిందో అందరూ లెక్కపెడతారు, చేసినవాడికి ఏం దక్కిందో చూడండి, మనిషి ఏది దక్కితే ఆ పనే మళ్లీ చేస్తాడు అని. ఆ మాట ఆమె వ్యాసం మొదటి పేజీలోనే రాసుకుంది. ఈ దొంగతనం విషయంలో ఒక్కసారి కూడా అడగలేదు.

పంపు పోయిన ప్రతి ఇంట్లోనూ తర్వాత ఏం జరిగింది?

రంగనాయకమ్మ పిన్ని విసనకర్ర పట్టుకుని సుభద్ర వాళ్ల వరండాలోకి వచ్చింది. పోయినసారి చివరింటి వాళ్లు పిల్లాజెల్లాతో వచ్చారు. చాపలు పరిచారు. పాపయ్య పేము కుర్చీలో కూర్చుని, బండి అడవిలో ఆగిపోయిన కథలు చెప్పాడు. అందరికీ మజ్జిగ పోశాడు. కొత్త పంపు బిగించగానే ఒక్కొక్కరే వెళ్లి తలుపులు వేసుకున్నారు. కుర్చీలో తాత ఒక్కడే మిగిలాడు. తర్వాత వారానికి ఇంకో ఇంట్లో పంపు పోయింది.

కరెంటు పోయిన ప్రతిసారీ తాత ముందు వరండాలోకి అందరికన్నా చివర, వెనక వైపునుంచి, మజ్జిగ చెంబుతో వచ్చేవాడు.

రంగనాయకమ్మగారికి తను చెప్పిన మాటలన్నీ సుభద్ర మళ్లీ మనసులో చెప్పుకుంది. సందు సంగతి తెలిసినవాడు. పగలు ఇంటిపట్టున ఉండేవాడు. పద్ధతి ప్రకారం పనిచేసేవాడు. మాట్లాడే తోడు లేనివాడు. ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు.

ఇంట్లోకి వెళ్లేసరికి తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం కింద గార్డు ఉద్యోగం నాటి ఇనప్పెట్టె. సుభద్ర దాని ముందు చతికిలబడి తాత మొహంలోకి చూసింది.

"తాళం నేదమ్మా. తెరువు" అన్నాడు పాపయ్య.

పాత పంచె ముక్కలో చుట్టి, తుడిచి, వైర్లు చుట్టచుట్టి పెట్టిన పంపులు. అన్నీ ఉన్నాయి.

"అమ్ముకోడానికి కాదమ్మా."

"తెలుసు తాతా."

"బండి చివరి పెట్టెలో ఒక్కణ్నే కూర్చుని ఉద్యోగం చేశాను. అప్పుడు ఏటీ అనిపించనేదు. ముందు బండినిండా జనం ఉన్నారని తెలుసు కదా. ఇప్పుడు ఇంటినిండా మనుషులే. తలుపులేసుకుంటారు."

సుభద్ర తన గది తలుపు వంక చూసింది. ఏప్రిల్ నుంచీ అది మూసే ఉంది.

"అందుకే మన కూలర్లోది కూడా తీశావా?"

"తీశాను. ఆ బాబు పైనుంచి చూశాడు. 'పాప చదువుకుంటోంది తాతగారూ, ఇది మాత్రం వద్దు' అని నా చేతిలోంచి తీసుకుని బిగించబోయాడు. నువ్వొచ్చావు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా తాతా. అతను వెళ్లిపోతున్నాడు."

"నోరు రానేదమ్మా. దొంగ లక్షణాలు అంత బాగా చదువుకున్నావు. నన్నేటనుకుంటావో అని బెదురు."

సుభద్ర తాత మోకాలి మీద తల ఆనించుకుంది. ఆయన చెయ్యి ఆమె జడ మీద కాసేపు నిలిచింది. తర్వాత ఆయనే లేచాడు. "పెట్టెకి ఓ పక్క పట్టు. నానే చెప్తాను."

పెట్టె రంగనాయకమ్మగారి వరండాలో దిగేసరికి అమ్మిరాజు తిరిగొచ్చి మెట్ల మీద పరుపు చుడుతున్నాడు. పాపయ్య దాచకుండా చెప్పాడు. రంగనాయకమ్మగారు పెట్టెలోకి వంగి తన పంపులు రెండూ గుర్తుపట్టింది.

"బాబాయ్‌గారూ, పిలిస్తే మేం రామా?" అంది.

"కూలర్ మోతలో పిలుపు వినబడదు కదమ్మా."

ఆవిడ పమిటకొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత కోపం ఎవరి మీదనన్నా చూపించాలి కాబట్టి సుభద్ర మీదకి తిరిగింది. "నీ సైకాలజీకో దండం. బంగారంలాంటి కుర్రాణ్ని వెళ్లగొట్టించేదానివి. ఏమయ్యా, నీకైనా నోరు లేదా?"

"తాతగారి పేరు ఎలా చెప్తానండి?" అన్నాడు అమ్మిరాజు, మెట్లతో మాట్లాడుతున్నట్టు.

"పరుపు పైకి తీసుకెళ్లు. రేపట్నుంచి నాలుగు గంటలకి మా వరండాలో పేకాట. కరెంటు ఉన్నా సరే, పోయినా సరే. రానివాళ్ల పంపు నేనే పీకేస్తాను."

సుభద్ర మెట్ల దగ్గరికి వెళ్లింది. "నాదే తప్పు. క్షమించండి."

"మీరు చెప్పినవన్నీ కరెక్టేనండి. మనిషొక్కడే మారాడు."

"నవ్వుతున్నారా?"

"లేదండి." నవ్వుతూనే అన్నాడు. వెంటనే తల దించుకుని పరుపుతో పైకి వెళ్లిపోయాడు.

అక్కడితో సుభద్ర మనసు కుదుటపడాలి. పడలేదు. జూన్ వచ్చింది. తెలీబంధా చెరువు మీద మబ్బులు మూగడం, గాలికి చెదిరిపోవడం, మళ్లీ మూగడం. ఆమె ప్రాణం కూడా అలాగే ఉంది. పంపు సంగతి తేలింది, సరే. మరి ఆ దించుకున్న తల? ఆ పొంతనలేని జవాబులు? రెండుసార్లు పడిన సైకిలు తాళం? వాటికి తాత బాధ్యుడు కాదు కదా. సాక్ష్యాలు అలాగే మిగిలిపోయాయి, నేరం ఏమిటో తేలలేదు.

అడుగుదామంటే అతను దొరకడు. నైట్ షిఫ్టు వారం వచ్చింది. పగలంతా గదిలో కూలర్ వేసుకుని నిద్ర. పేకాటకి రాలేదు ఒకరోజు. రెండో రోజూ రాలేదు. సుభద్ర ముక్కలు చూడకుండా ఆడి వరసగా ఓడిపోయింది.

"మనసు ఆట మీద లేదే నీకు" అంది రంగనాయకమ్మగారు.

"ఎండ పిన్నీ."

మూడో రోజు పేకాటకి ముందే కరెంటు పోయింది. సుభద్ర ఒక స్క్రూడ్రైవర్, కాస్త టేపు తీసుకుని చప్పుడు చెయ్యకుండా పైవాటా మెట్లెక్కింది. కూలర్ బాల్కనీలోనే ఉంది. పలక తీసింది, పంపు ఊడదీసింది, పలక మళ్లీ బిగించింది. వైరు కొసలకి టేపు చుట్టింది. ఇంటి పద్ధతి తప్పలేదు. పై మెట్టు మీద పంపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కరెంటు వచ్చింది. కూలర్ తిరిగింది. ఇంక వేడిగాలి కొట్టడమే తరువాయి. చీర తడిసిపోతోంది. గుండె మాత్రం ఫ్యాను కన్నా జోరుగా తిరుగుతోంది. దిగిపోదామని ఒకసారి లేచింది, మళ్లీ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. చెమటలు కారుతూ, చెదిరిన జుట్టుతో అమ్మిరాజు. ఆమెను చూశాడు, పంపును చూశాడు. ఎర్రబడ్డ కళ్లలో నిద్ర మెల్లగా ఎగిరిపోయింది.

"కదిలారంటే అరుస్తానండి" అన్నాడు.

సుభద్ర కదల్లేదు.

"అది ఎవరిదండి?"

"మీదే."

"పెట్టేస్తున్నారా, తీసేస్తున్నారా?"

"తీసేశాను."

"ఎందుకండి?"

"మీరు బయటికి రావాలని."

అమ్మిరాజు గోడకు ఆనుకున్నాడు. చాలాసేపు ఆమెనే చూశాడు. ఈసారి తల దించుకోలేదు. చివరికి తల దించుకున్నది సుభద్రే.

"తప్పు చేసినవాళ్ల లక్షణం అటండి, అది" అన్నాడు.

"మీరు ముందు మీ నేరం చెప్పండి. నన్ను చూస్తే ఎందుకలా అయిపోతారు?"

"ఆయ్, పంపుల సంగతి తాతగారిదండి. ఆ సంగతి మాత్రం పూర్తిగా నాదే. మార్చి నుంచీ." కాస్త ఆగి అడిగాడు. "మరి మీదండి?"

"నాది ఇప్పుడే తెలిసింది" అంది సుభద్ర, పంపుకి చెప్తున్నట్టు.

కిందనుంచి పాపయ్య గొంతు వినిపించింది. "సుభద్రమ్మా, పేక కలిపేస్తున్నాం. ఏటి చేస్తున్నావమ్మా అక్కడ?"

జవాబు రాలేదు. పాపయ్య మెట్ల వైపు ఒకసారి చూశాడు. పై మెట్టు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కిందికి కారుతున్నాయి. ఆ బొట్లను కాసేపు చూసి ఏదో అర్థమైనట్టు మీసంలో నవ్వుకుని, "రంగనాయకమ్మా, కాస్త జరుగమ్మా. ఇద్దరు వస్తారు" అంటూ ఇంకో ఇద్దరికి కూడా ముక్కలు పంచాడు.

పైగదిలో కూలర్ ఆ సాయంత్రమంతా వేడిగాలి కొడుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు.