అన్నిటికీ సరే అన్న సాక్షి

మోకాలి నొప్పితో కుంటుకుంటూ వచ్చి స్టోర్‌కీపరే తలుపు తీశాడు. ఎదురుగా కొరియర్ యూనిఫాంలో పొడుగాటి మనిషి, చేతిలో అట్టపెట్టె.

"మోకాలి బెల్ట్ సార్. కంపెనీవాళ్ళు ఫ్రీ శాంపిల్ పంపారు."

పొద్దున్నే ఇంటర్నెట్‌లో తను చూసిన బెల్టే! స్టోర్‌కీపర్ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాపి పెట్టె అందుకున్నాడు. పెట్టె కింద నుంచి సైలెన్సర్ తుపాకి రెండుసార్లు దగ్గింది. ప్రభుత్వం నెల రోజులుగా కంటికి రెప్పలా దాచిన సాక్షి గుమ్మంలోనే కుప్పకూలాడు.

సరిగ్గా అప్పుడే మేకు మెట్లెక్కుతున్నాడు. సాక్షుల్ని కాపాడే డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎంత కొడితే అంత లోతుకు దిగుతాడని మేకు అనే పిలుస్తారు. దిగుతున్న కొరియర్ బూట్ల మీద ఎర్రటి చుక్కలు అతని కంటపడ్డాయి. వాడి మణికట్టు పట్టి రెయిలింగ్‌కేసి కొట్టాడు. తుపాకి ఎగిరిపడింది. వాడు కత్తి దూశాడు. ఇద్దరూ గోడలకు గుద్దుకుంటూ ఒక అంతస్తంతా దొర్లారు. కిందకు చేరేసరికి మేకు పెదవి చీలింది. కత్తి మాత్రం వాడి పక్కటెముకల మధ్యే ఉండిపోయింది.

చచ్చినవాడి ఫోన్ ఇంకా వెలుగుతోంది. తెర మీద రెండు పనులు. ఒకటి, మోకాలి బెల్ట్. దాని పక్కన టిక్కు. రెండోది, లేత పసుపు ఊలు. ఇద్దరు మనుషులు బయల్దేరారు.

మేకు కారు వైపు పరుగెత్తాడు.

లేత పసుపు ఊలు వెతుకుతున్నది అతని సొంత అక్క. మందుల ఫ్యాక్టరీలో కెమిస్ట్. ఆ ఫ్యాక్టరీ ముసుగులో ఒక విదేశీ ముఠా ఇంజెక్షన్ సీసాల్లో విషం నింపి ఆసుపత్రులకు పంపబోతోందని కనిపెట్టింది ఆవిడా, ఈ స్టోర్‌కీపరూ. మధ్యాహ్నం ఇద్దరూ కోర్టులో నోరు విప్పాలి. ఇప్పుడు అక్క ఒక్కతే మిగిలింది. నిన్ననే ఫోన్‌లో, "నా మేనకోడలికి స్వెట్టర్ అల్లుతున్నానురా. లేత పసుపు ఊలు ఎక్కడా దొరకడం లేదు" అంది.

మేకు కారును రోడ్డు మీద కాదు, హారన్ మీద నడిపించాడు. ఫోన్‌లో ఒకవైపు టెక్నీషియన్, ఇంకోవైపు డిపార్ట్‌మెంట్ పెద్దాయన.

"సార్, స్టోర్‌కీపర్ ట్యాబ్‌లోకి ఇక్కణ్నుంచే వెళ్ళి చూశాను. కుప్పలుతెప్పలుగా కుకీలున్నాయి" అంది టెక్నీషియన్.

"బిస్కెట్లా?" అన్నాడు పెద్దాయన.

"కాదు సార్. మనం ఒక సైట్ తెరిస్తే అది మన బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ పెట్టుకుంటుంది. మళ్ళీ వెళ్తే గుర్తుపడుతుంది. మన లాగిన్ నిలబడేది దానివల్లే. అంతవరకూ మంచిదే. కానీ ఆ పేజీలో యాడ్ వేసిన కంపెనీ కూడా సందులో సందుగా తన చీటీ ఒకటి దూరుస్తుంది. అది థర్డ్ పార్టీ కుకీ. బెల్టుల సైట్లో పెట్టిన చీటీని వార్తల సైట్లోనూ అదే కంపెనీ చదువుతుంది. మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి తోకలా వెంటబడుతుంది."

"ఆ యాడ్ కంపెనీ ముఠాదే కదూ?" అన్నాడు మేకు.

"అవును సార్. ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చామో వాళ్ళకి కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని బిల్డింగ్ కనుక్కోవడానికి నెట్ కంపెనీలో తెలిసినవాడొకడు చాలు."

"ఇళ్ళు మార్చాం, ఫోన్లు మార్చాం, పేర్లు కూడా మార్చాం కదమ్మా!" అన్నాడు పెద్దాయన.

"ట్యాబ్‌లు మార్చలేదు సార్. పాత చీటీలు అలాగే ఉన్నాయి."

ఎందుకు మార్చలేదో ముగ్గురికీ తెలుసు. ట్యాబ్‌లో కుకీలు తుడిస్తే డిపార్ట్‌మెంట్ వీడియో లైన్ లాగౌట్ అవుతుంది. మళ్ళీ తెరవాలంటే ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి. వాళ్ళలో ఒకరు ఎప్పుడూ సెలవులోనే ఉంటారు. ఆ తిప్పలు పడలేక సాక్షులందరికీ ఒకే మాట చెప్పేవాళ్ళు. ఏమడిగినా 'అన్నిటికీ సరే' నొక్కండి, ఏదీ తుడవకండి. అక్కకు ఆ మాట చెప్పింది మేకే. తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అక్క ఫ్లాట్ తలుపు వెనక నుంచి తియ్యటి గొంతు వినిపించింది. "గొడుగు తెచ్చావా?"

"చిల్లుది తెచ్చా" అన్నాడు మేకు.

కోడ్ సరిపోయింది. నెమలి అని అందరూ పిలిచే ఆవిడ తలుపు తీసింది. సిల్క్ స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు, గదంతా అత్తరు వాసన. ముఠాలో మనిషిగా నటిస్తూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. అక్కకు ఇవాళ కాపలా ఆవిడే.

సోఫాలో అక్క ఇనుప సూదులతో అల్లుతూనే, "ఆ రక్తమేంట్రా?" అంది.

"పడ్డాను అక్కా. లే, వెళ్దాం." మేకు నెమలి వైపు తిరిగాడు. ఆమె మీద అనుమానానికి ఆధారమేం లేదు. కానీ బిల్డింగ్ తెలిసినవాళ్ళకు ఫ్లాట్ తెలియాలంటే లోపల ఎవరో ఉండాలి. "నువ్వు ఈ ట్యాబ్ చూస్తూ ఇక్కడే కూర్చో. అక్క చోట్లో."

"నేనొక్కదాన్నా? ఎందుకు? నేనూ వస్తా."

"ఊలు డెలివరీ ఉందట. ఎవరో ఒకరు తీసుకోవాలి కదా."

లిప్‌స్టిక్ తప్ప నెమలి మొహంలో ఇంకే రంగూ మిగల్లేదు. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. బ్యాగ్ చీల్చుకుని వచ్చిన గుండు మేకు భుజంలో దిగింది. అతను టీపాయ్ మీద వెల్లకిలా పడ్డాడు, అద్దం భళ్ళున పగిలింది. నెమలి రెండో గుండుకు గురి చూసింది.

అక్క లేచింది. లేవడం, అల్లిక సూదిని నెమలి మణికట్టులోంచి అవతలికి దించడం ఒక్కసారే జరిగిపోయాయి. నెమలి కేక పెట్టేలోపు మేకు ఆమె కాళ్ళు లాగి, తలను నేలకేసి మోదాడు. ఛార్జర్ వైరుతో చేతులు కట్టేసి, సగం అల్లిన స్వెట్టర్ నోట్లో కుక్కాడు. అక్క ఉసూరుమంది, అది స్వెట్టర్ కోసమే.

మెట్ల మీద బూట్ల చప్పుడు.

"అమ్మాయ్, ఏదో ఒకటి చెయ్యి!" అన్నాడు మేకు ఫోన్‌లో.

"అక్కగారి కుకీని కాపీ చేసుకున్నా సార్. దాన్ని నేనెక్కడ తెరిస్తే అక్కగారు అక్కడున్నట్టే. మీ ట్యాబ్‌లోది తుడిచెయ్యండి, లేకపోతే రెండు చోట్లా కనిపిస్తారు. సెట్టింగ్స్, ప్రైవసీ. థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చెయ్యండి. తర్వాత బ్రౌజింగ్ డేటా తుడవండి, మొదటి రోజు నుంచీ మొత్తం."

"వద్దయ్యా! వీడియో లైన్ పోతుంది!" పెద్దాయన అరిచాడు. "సంతకాలు..."

కాలింగ్ బెల్ మోగింది. "మేడమ్, ఊలు!"

మేకు వేలు రక్తంతో జారిపోతోంది. తెర అతని వేలిని పట్టించుకోవడమే మానేసింది. ఒకసారి నొక్కాడు. రెండోసారి నొక్కాడు. బయట ఎవడో భుజంతో తలుపును గుద్దాడు. పై బందు ఊడి వేలాడింది.

"జరగరా" అంటూ అక్క ట్యాబ్ లాక్కుంది. బ్లాక్. తుడువు. నిజంగా తుడవాలా అని అడిగింది. అవును.

తలుపు మీద రెండో దెబ్బ. గొళ్ళెం వంగింది. మేకు ఎడంచేత్తో తుపాకి ఎత్తి అక్కకు అడ్డంగా నిలబడ్డాడు. బతుకు మీద ఆశ వదిలేసుకున్నాడు, అక్క మీద మాత్రం వదులుకోలేకపోయాడు.

బయట ఫోన్ గుయ్యిమంది.

"ఆగరా! ఇక్కడ లేదట. చోటు మారింది."

"నెమలి తీసుకెళ్ళిపోయిందా?"

"అందుకే తలుపు తియ్యలేదు. పద పద."

బూట్లు దడదడా దిగిపోయాయి. మేకు గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఎక్కడ తెరిచావు?"

"నేనున్న చోటే సార్. కమాండోల బ్యారక్స్‌లో. గేటుకి బోర్డు లేదుగా, వాళ్ళకేం తెలుస్తుంది?"

ఊలు ఉండలు పట్టుకుని గేట్లోకి వెళ్ళిన ఇద్దరిలో ఒకడు తుపాకి తీశాడు. కమాండోలు వాణ్ని జల్లెడ చేశారు. రెండోవాడు రెండు మోకాళ్ళూ పగిలాక ముఠా గుట్టంతా కక్కేశాడు. మధ్యాహ్నం కోర్టులో అక్క రెండు గంటలసేపు చెప్పింది, గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. సాయంత్రానికి ఫ్యాక్టరీకి తాళం పడింది. ఒక్క సీసా కూడా గేటు దాటలేదు.

ఆసుపత్రిలో గుండు తీసి కట్టు కట్టాక, మేకు బిల్లు చూసుకోవడానికి నర్సు ఒక ట్యాబ్ చేతికిచ్చింది. తెర నిండా పెద్ద నీలం బటన్: అన్నిటికీ సరే. మేకు దాన్ని ముట్టుకోలేదు. కిందకీ పైకీ జరిపాడు, కళ్ళు చిట్లించాడు, తెరను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏంట్రా అంతసేపు?" అంది అక్క.

"ఉండవే అక్కా. ఎంత పెద్ద హంతకుణ్ణయినా ఇట్టే పట్టేస్తాను గానీ, ఈ 'వద్దు' బటన్‌ని ఎక్కడ దాచారో దేవుడికే తెలియాలి."