పాప తాగని పాలు

"ఊళ్ళో ఇద్దరు స్నేహితులు నీకు అన్నీ చూపిస్తారు. ఒకరు మన మనిషి, ఒకరు శత్రువుల మనిషి. కోడ్‌వర్డ్ లీకయింది, ఎవరు చెప్పినా నమ్మకు," అన్నాడు చీఫ్.

సాయంత్రం షికారు పడవలో మన సైంటిస్టు మారువేషంలో ఎక్కుతాడు. ఎక్కడ బస చేశాడో చీఫ్‌కే తెలీదు. ఆ పడవ ఒడ్డు చేరకూడదని శత్రువుల ప్లాను. ఇదే పని మీద ముందు వెళ్ళిన ఏజెంటు శవపెట్టెలో తిరిగొచ్చాడు.

ఏజెంట్ పిచ్చుక టూరిస్టు టోపీ పెట్టుకుంది. లిప్‌స్టిక్కులో ట్రాన్స్‌మీటర్. ఆఫీసు టూరని అబద్ధం చెప్పి అత్తగారి చేతిలో పెట్టి వచ్చిన పసివాడు పొద్దుటి నుంచీ కళ్ళలోనే ఉన్నాడు. తిరిగి వాణ్ణి ఎత్తుకుంటానన్న ఆశ ఆమెకి పెద్దగా లేదు.

ఇద్దరిలో ఒకడు టాక్సీ డ్రైవరు, అందరికీ అన్నయ్య. రెండోది సినిమా తారలా ఉన్న పిల్ల, ముద్దుపేరు గాగుల్స్. చంకలో ఆర్నెల్ల పాప, భుజాన పాలసీసా ఉన్న సంచీ.

గడియార స్తంభం చూశారు, పాత వంతెన చూశారు. మ్యూజియం దగ్గర గార్డు పిచ్చుక లిప్‌స్టిక్కు కూడా మూత తీసి చూశాడు. పాలసీసా చూసి మాత్రం నవ్వి వదిలేశాడు. అన్నయ్య ఆగినచోటల్లా వెనక్కి తిరిగి సంచీ వంకే చూసేవాడు.

"పాపకి పాలు పట్టలేదేంటమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

మూడోసారి అడగబోతుంటే గాగుల్స్ పిచ్చుక చెవిలో, వీడి చూపులు నాకు నచ్చట్లేదక్కా, అంది. పిచ్చుకకీ అలాగే అనిపించింది. మ్యూజియం బాత్రూములో లిప్‌స్టిక్కుకి ఒక్క మాట చెప్పింది. "అన్నయ్యే."

"సరే. చూసుకుంటాం," అన్నాడు చీఫ్ అందులోంచి.

బయటికొస్తే టాక్సీ తలుపు తెరిచే ఉంది, ఇంజను తిరుగుతోంది. మనిషి లేడు. పారిపోయుంటాడులే, అంది గాగుల్స్. ఇద్దరూ నడుచుకుంటూ పడవ ఎక్కారు.

మూలసీటులో టోపీ పెట్టుకున్న ముసలాయన కమలాపండు ఒలుచుకుంటున్నాడు. చీఫ్ చెప్పిన గుర్తు అదే, ఆయనే సైంటిస్టు. పడవ కదిలింది. పాప గొంతు బొంగురుపోయేలా ఏడుస్తోంది. గాగుల్స్ జోకొడుతోంది తప్ప సీసా తీయడం లేదు.

పొద్దుట కలిపిన పాలు ఈ ఎండలో ఇంతసేపు ఏ తల్లి దాస్తుంది? పారబోసి వేరే కలుపుతుంది. ఏడ్చే బిడ్డ నోటికి అందివ్వనివి పాలెందుకవుతాయి? అన్నయ్య పొద్దుటి నుంచీ అడుగుతున్నది అదే. పిచ్చుక చెయ్యి చాచింది.

"సీసా ఇటివ్వు, నేను పడతాను."

"వద్దక్కా, ఇందాకే తాగింది. కాస్త పట్టుకో," అని పాపని ఆమె ఒళ్ళో పడేసి, గాగుల్స్ పడవ అంచు దాటి, పక్కకి వచ్చిన మోటారు బోటులోకి దూకేసింది.

సంచీ సీటు మీదే ఉంది. సీసా అడుగున ఎర్రదీపం గబగబా కొట్టుకుంటోంది. పిచ్చుక దాన్ని ఒంటిచేత్తో నదిలోకి విసిరింది. నది గోడలా లేచింది, పడవ ఒరిగింది, నిలబడింది. ముసలాయన చేతిలో కమలాపండు కూడా జారలేదు. మోటారు బోటు అప్పటికే కనుచూపు దాటింది.

ఎవరి బిడ్డో తెలియని పాప ఆమె పమిటని చీకుతోంది.

"శభాష్," అన్నాడు చీఫ్ లిప్‌స్టిక్కులోంచి.

"సార్, అన్నయ్యని..."

"నువ్వే కదమ్మా చెప్పావు." మళ్ళీ తనే మాట మార్చాడు. "ఇంతకీ ఊరెలా ఉంది?"

"బాగుంది సార్. చూపించినాయన ఉంటే ఇంకా బాగుండేది."