గాలి ఉన్న గది

యూనివర్సిటీ వెనక గేటు దాటాక నాలుగో సందు చివర ఒక మేడ ఉంది. దాని పై అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి గది... ఆ గది పేరెత్తితే చాలు, సందులో కుక్కలు మొరగడం ఆపి తోక ముడిచేవట. టాక్సీవాళ్ళు సందు మొదట్లోనే దింపేసి, కిరాయి కూడా అడక్కుండా పారిపోయేవారట. టాక్సీవాడు కిరాయి వదులుకున్నాడంటే అదెలాంటి చోటో మీరే అనుకోండి.

ఒక్క ఏడాదిలో అరవై మంది ఆడపిల్లలు ఆ గదిలో దిగారు. అరవై మందీ తెల్లారకుండానే పరుగు. ఒకమ్మాయి చెప్పులు వదిలేసి పోయింది. ఇంకొకమ్మాయి చెప్పులేసుకునే పోయింది గానీ, తీరా చూసుకుంటే రెండూ ఎడమకాలివే.

ఇవేవీ దర్జీగారమ్మాయికి తెలియవు.

ఆ పిల్లకి నర్సింగులో సీటొచ్చింది. సీటైతే వచ్చింది గానీ పడుకోవడానికి జాగా ఏదీ? హాస్టలు నిండిపోయింది. ఉంటున్న ఇంటి అడ్రసు కాగితం మీద ఓనరు సంతకం పెట్టించి రేపు పదింటికల్లా ఆఫీసులో ఇవ్వకపోతే, సీటు వెనకాల వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది. ఇంటి దగ్గరేమో మేనత్త కాచుక్కూర్చుంది — "నే చెప్పలేదూ, ఇక్కడే కాజాలు కుట్టుకుంటూ పడుండమని" అనడానికి.

నాలుగు రోజుల్లో తొంభై గదులు చూసింది. అవి గదులా! ఒకచోట మెట్ల కింద పాత సామాన్ల అర చూపించి సింగిల్ రూమన్నారు. ఒకచోట వంటగట్టూ పాయిఖానా ఎదురెదురుగా, చేతికందేంత దూరంలో... ఇందులో కూర్చుని అందులో గరిటె తిప్పుకోవచ్చు. మరోచోట ఒకే పరుపు మీద మూడు షిఫ్టులు. ముందు పడుకున్నావిడ చెమట ఆరకముందే తర్వాతావిడ వాలాలి. ఆ పరుపు పిండితే రెండు బకెట్లు నిండేవి. పిల్ల ముక్కు మూసుకుని, నోటితో గాలి పీల్చి, తర్వాత దానికీ అసహ్యం వేసి నోరు కూడా మూసుకుంది.

చివరికి జిరాక్సు కొట్టు గోడ మీద కాగితం కనబడింది. "నర్సింగు అమ్మాయిలకు గది. అద్దె తక్కువ."

"ఈ గది ఎలాంటిదండీ?" అనడిగింది కొట్టాయన్ని.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "గాలి ఉందమ్మా... ఆ గదికి."

పిల్ల మొహం దీపంలా వెలిగింది. "అమ్మయ్య! నాకు కావలసింది అదేనండీ."

కొట్టాయన చేతిలో కాగితాలు జారిపోయాయి. "అదే... కావాలా?"

"నాలుగు రోజులుగా గాలి కోసమే చచ్చిపోతున్నానండీ."

ఆయన అడ్రసు రాసి, ఆ చీటీ పిల్ల చేతిలో పెట్టకుండా దూరంగా బల్ల మీద పెట్టాడు.

ఆ ఇంటాయన్ని పిల్లలంతా జిగురు బాబాయి అనేవారు. ఆయన చేతిలో పడ్డ అడ్వాన్సు మళ్ళీ ఊడిరాదని. దర్జీగారమ్మాయి వెళ్ళేసరికి తాళంచెవితో చెవిలో గుబిలి తీసుకుంటున్నాడు. అడ్వాన్సు అందుకుని లెక్కపెట్టుకుని, ఆ తాళంచెవినే చొక్కాకి తుడిచి పిల్ల చేతిలో పెట్టాడు.

అది ఇంకా వెచ్చగా ఉంది.

"సంతకం రేపు పొద్దున పెడతాను తల్లీ. ముందు ఒక్క రాత్రి పడుకుని చూపించు. మధ్యలో పారిపోయావో, అడ్వాన్సూ లేదు, సంతకమూ లేదు."

"ఎందుకు పారిపోతాను బాబాయ్?"

"గాలి ఉందిగా." కన్ను కొట్టాడు. "రాత్రి ఏం వినబడినా పలక్కు. పలికితే పట్టుకుంటుంది."

అప్పటికి గానీ పిల్లకి వెలగలేదు. "గాలంటే... ఆ గాలా బాబాయ్?"

"మరి నువ్వే గాలనుకున్నావు? కిటికీ గాలా? కిటికీ ఉంటే ఈ రేటుకి ఇస్తానుటే!"

డబ్బు ఆయన చేతికి అంటుకుపోయింది. రేపు పదింటికి ఆఫీసు. పిల్ల మెట్లెక్కింది.

దర్జీ బిడ్డ కదా, కళ్ళలోనే టేపు. బయట వరండాలో ఆ గది గోడ ఇరవై అడుగులుంది. లోపలికెళ్తే తొమ్మిదడుగులే ఉంది.

"మిగతా పదకొండడుగులు ఏమైనట్టు?"

"గోడ మందం తల్లీ. పాతకాలపు కట్టడం," అన్నాడు జిగురు బాబాయి, కిందికి దిగిపోతూ.

మంచం పక్క గోడ చూసి పిల్ల మంచాన్ని జానెడు ఇవతలికి లాక్కుంది. అక్కడ పడుకున్న అరవై తలల నూనె మరకలు. జిడ్డు మీద దుమ్ము, దుమ్ము మీద మళ్ళీ జిడ్డు. బల్లులు ఎక్కబోయి జారిపడేవట. దాన్ని వేలితో ముట్టినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. గోడ పైన, కప్పుకి కింద చిన్న కంత. ఆ కంతలో ఒకే ఒక్క బల్బు. స్విచ్చు మాత్రం ఎంత వెతికినా లేదు.

వరండా చివర స్నానాలగది. పిల్ల మొహం కడుక్కోబోతే నీళ్ళు దిగడం లేదు. వంగి చూసింది. తూములో వెంట్రుకలు... నెరిసినవి, సబ్బు నురగ పట్టి, మెత్తగా. రెండు వేళ్ళతో కొస పట్టుకుని లాగింది. లాగే కొద్దీ వస్తున్నాయి. మూర... రెండు మూరలు... ఇంకా వస్తున్నాయి. పిల్ల వాటిని అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి తలుపేసుకుంది.

తండ్రి ఫోన్ చేశాడు. "దొరికిందా తల్లీ గది? గాలీ వెలుతురూ ఉన్నాయా?"

"గాలి ఉందట నాన్నా," అంది నీరసంగా. "వెలుతురు..."

టప్‌మని బల్బు ఆరిపోయింది.

"వెలుతురు ఇప్పుడే పోయింది నాన్నా. ఉంటాను."

చీకటి. కాటుక డబ్బాలో పెట్టి మూతేసినట్టు చీకటి. పిల్ల దుప్పటి తల మీదికి లాక్కుంది. ఆ దుప్పటి తడి సాక్సు వాసనేసింది. తీసేసింది. తీసేస్తే భయం, కప్పుకుంటే అసహ్యం. మెడదాకా కప్పుకుని ఆగింది.

కొంతసేపటికి... గోడలోంచి దగ్గు.

పక్కింట్లోంచి కాదు. పక్కన ఇల్లే లేదు. గోడలోంచి.

ఆ తర్వాత ఒక నిట్టూర్పు. కాగితాలు కదిలినట్టు గరగర. ఆ తర్వాత సన్నగా, గుసగుసగా —

"పుర్రె... దవడ..."

పిల్ల తన దవడ పట్టుకుని చూసుకుంది. ఉంది.

"మెడ... మెడలో ఏడు..."

పిల్ల దుప్పటి మెడ చుట్టూ బిగించుకుంది.

"పక్కటెముకలు... ఇటు పన్నెండు... అటు పన్నెండు... ఒక్కొక్కటే..."

ఒక్కొక్కటే ఏం చేస్తుంది? విరుస్తుందా, చీకుతుందా? పిల్ల లేచి కూర్చుంది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. మెట్లు దిగితే సందు, సందు దాటితే బస్సు. బస్సెక్కితే మేనత్త, కాజాలు. పిల్ల మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుంది. అది కూడా జిగటగా ఉంది. అయినా వదల్లేదు.

"ఇక పాదం... పాదంలో... ఇరవై ఎనిమిది..."

నిశ్శబ్దం.

"ఇరవై... ఎనిమిది..." మళ్ళీ అదే.

ఇక్కడో సంగతి చెప్పాలి. సీటు కోసం రాసిన పరీక్షలో పాదంలో ఎముకలెన్ని అన్న ఈ ప్రశ్నే ఆ పిల్ల తప్పు రాసింది. ఆ ఒక్క మార్కుకే కొంపలంటుకోబోయాయి. అప్పట్నుంచీ ఆ అంకె నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. చచ్చి పాడె మీదున్నా లేచి చెప్తుంది.

"పాదంలో... ఇరవై ఎనిమి..."

"ఇరవై ఆరు!" అని అరిచేసింది దర్జీగారమ్మాయి.

అరిచాక రెండు చేతులతో నోరు మూసుకుంది. పలికేసింది! ఇక పట్టుకుంటుంది!

ఒక్క క్షణం... ఏమీ లేదు.

అప్పుడు గోడ అవతల మేడ పునాదులు కదిలేంత కేక —

"అమ్మోయ్! గాలి పలికిందోయ్!"

బల్బు వెలిగింది. కంతలోంచి ఒక తల లేచింది. మగపిల్లాడిలా క్రాఫు కొట్టించిన తల, నిమ్మకాయలంతేసి కళ్ళు, పళ్ళమధ్య పెన్సిలు.

"నువ్వు... దెయ్యానివా?" అంది ఆ తల, వణికిపోతూ.

"నేను అద్దెకున్నాను. నువ్వూ?"

"నేనూ అద్దెకే! నా తలుపు వెనక మెట్ల వైపు. నాలుగు నెలలయింది. పక్కనుంచి ఏడుపులూ పరుగులూ వినబడతాయి గానీ, పలక్కూడదని బాబాయ్ చెప్పాడుగా..."

దర్జీగారమ్మాయి లేచి, కళ్ళు మూసుకుని, చెయ్యి గుడ్డలో చుట్టుకుని ఆ జిడ్డుగోడని ఒక్క గుద్దు గుద్దింది. డబ్‌మంది. అది గోడ కాదు, సున్నం పూసిన చెక్క!

"ఓరి నీ మొహం మండ!" అంది. "పదకొండడుగుల మందం ఇదా!"

ఒకే గదిని నిలువునా కోసి, ఇద్దరికీ అమ్ముకుంటున్నాడు. ఒకరితో ఒకరు పలక్కుండా మధ్యలో గాలిని కాపలా పెట్టాడు. స్విచ్చు ఆ పక్క. బల్బు ఇద్దరికీ ఒకటే. ఒకరి చదువు ఒకరికి దెయ్యం.

ఇద్దరూ మంచాలెక్కి కంతకి అటూ ఇటూ నిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, దర్జీగారమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ అంది, "అది సరే గానీ అక్కా, ఆ తూములో జుట్టు కాస్త తీసి పారెయ్యకూడదూ? మొహం కూడా కడుక్కోలేకపోయాను."

క్రాఫు పిల్ల నవ్వు ఆపేసింది.

"నా జుట్టా? నా తలమీద వేలెడు కూడా లేదు కదే. పైగా నాది నలుపు. నేను రోజూ పొద్దున తీసి పారేస్తాను. సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. మీ పక్కవాళ్ళదనుకున్నాను..."

"బాబాయ్‌ది..."

"బాబాయ్‌ది బోడిగుండు. ఆయన స్నానం కింద."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కంతలో బల్బు చిన్నగా వణికింది.

ఈ గోలకి జిగురు బాబాయి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. అప్పటికి వరండాలో తెల్లవారు వెలుగు పడుతోంది. ఇద్దరు పిల్లలూ ఎదురుగా నిలబడి ఉన్నారు. వాళ్ళని ఒకచోట చూసి కూడా ఆయనకి సిగ్గనేది రాలేదు. చంక గోక్కుని, ఆ వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"అయితే ఏంటిప్పుడు? ఇద్దరికీ చెరో తలుపిచ్చానుగా."

"ఇద్దరం కాదు బాబాయ్," అంది క్రాఫు పిల్ల. "మూడో మనిషి ఉంది. తూములో రోజూ జుట్టొస్తోంది."

ఆయన మొహం ఎర్రబడింది. భయంతో అనుకున్నారా? కాదు.

"మూడో మనిషా! ఎప్పట్నుంచి ఉంటోంది? అద్దె కట్టకుండా!"

చొక్కా చేతులు మడుచుకుని స్నానాలగదిలోకి దూసుకెళ్ళాడు. పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఎవరే నువ్వు? బయటికి రా! నా ఇంట్లో పైసా ఇవ్వకుండా..."

తూములో నీళ్ళు గుడగుడలాడాయి. బుడగలు లేచాయి. నల్లటి మురుగు, దాని మీద నెరిసిన వెంట్రుకలు... మెల్లగా, పాకినట్టు, అంచు దాటి నేల మీదికి వచ్చాయి. ఆ బుడగల్లోంచి, ఎన్నేళ్ళ నుంచో గొంతు పెగలని మనిషి మాటలా —

"నా... అడ్వాన్సు..."

జిగురు బాబాయి మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ గొంతు ఆయన ఎరుగును. అది మాత్రం పిల్లలిద్దరికీ తెలిసిపోయింది.

"ఇస్తాను... ఇస్తానన్నాగా..." జేబులోంచి చేతికందిన నోట్లన్నీ తీసి తూములో కుక్కాడు. తూము గుటుక్కున మింగింది. ఆ చేతి నుంచి డబ్బు ఊడిరావడం ఆ సందు పుట్టాక అదే మొదలు.

కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మళ్ళీ ఒక బుడగ.

"వడ్డీ..."

ఆయన వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి గోడకి కొట్టుకున్నాడు. దర్జీగారమ్మాయి కూడా రెండడుగులు వెనక్కేసింది. అయినా బొడ్లోంచి అడ్రసు కాగితం తీసి, పెన్ను ఆయన వేళ్ళమధ్య దూర్చింది.

"సంతకం పెట్టు బాబాయ్."

"ఇంకా ఇక్కడుంటావా?"

"ఉంటాను. ఆ చెక్క పీకేసి, అద్దె చెరిసగం చేస్తేనే. మేమిద్దరం కూడా పోయామనుకో... పైన దానికి తోడెవరు? అది కిందికి నీ దగ్గరికే దిగాలి కదా."

ఆయన సంతకం పెట్టాడు. అది సంతకంలా లేదు, చీమ సిరాలో పడి ఒడ్డుకి పాకినట్టుంది.

పదింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా ఆఫీసులో గుమస్తా ఆ కాగితాన్ని వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమ్మా, ఈ సంతకమేంటి ఇలా వణికింది?"

"గదిలో గాలి ఎక్కువండీ," అంది దర్జీగారమ్మాయి.

గుమస్తా ముద్ర వేసి, అసూయగా ఒక నిట్టూర్పు విడిచాడు.

"అదృష్టవంతురాలివి తల్లీ. ఈ ఊళ్ళో అలాంటి గది దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి."