లక్క మూసిన తూటా

సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోతోంది. హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే కిరణ్ పాల్ మాత్రం ఆ రోజు హఫీజ్‌పేటలోని తన ఫ్లాటులో కాళ్లు బార్లా చాపుకుని హాయిగా ఉన్నాడు. ఊరంతా పరేషాన్‌లో ఉంటే ఈయనగారికి పండగ. గది తలుపు గడియపెట్టుకుని తన ముద్దుల పని చేసుకోవచ్చు కదా!

ఆ పనేమిటంటే, పేలిపోయిన తూటాలకు మళ్లీ మందు కూరడం. భార్య జాస్మిన్ తాతగారు ఏసురత్నం పంతొమ్మిది వందల అరవై ఐదులో మిలిటరీ వేలంలో కొన్న రైఫిల్, లైసెన్సుతో సహా చివరికి ఈయన పాలబడింది. దానికి పట్టే తూటాలు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకని ఖాళీ ఇత్తడి గొట్టాలను పాత సామాన్ల కొట్లలో ఏరుకొచ్చి, చింతపండు నీళ్లలో తోమి, మందూ గుండూ పెట్టి బిగిస్తాడు. చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి తెలిసే చేస్తాడు. ఆరేళ్ల కూతురు కరుణ ఆ గది గడప తొక్కకూడదు, అదొక్కటే ఆయన పాటించే నియమం. ఆ పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు.

ఈసారి కొట్టువాడు ఇచ్చిన సంచిలో ఒక గొట్టం మూతి నల్లటి లక్కతో మూసి ఉంది. ఎవడి పిచ్చో అనుకుని కత్తి మొనతో లక్క పెకలించాడు. లోపల మెత్తగా ఏదో తగిలింది. లాగితే వెంట్రుకలు. సన్నటివి, ఇంకా కొబ్బరినూనె వాసన పోనివి. "ఛీ!" అని సింకులో పడేసి నీళ్లు వదిలాడు. ఆ ఉండ తేలిగ్గా పోలేదు. జాలీ మీద గిరగిరా తిరిగింది. వేలు పెట్టి లోపలికి కుక్కాడు.

తోమిన గొట్టాన్ని తుపాకిలో పెట్టి చూశాడు. నున్నగా జారి కూర్చుంది. మిగతావాటిని అచ్చులో నొక్కితే తప్ప పట్టవు. ఏ తుపాకిలో పేలిన గొట్టం ఆ తుపాకి కొలతకే ఉబ్బుతుందని ఆయనకు తెలుసు. అంటే ఇది తన తుపాకిలో పేలిందే! అది తెలిసి మురిసిపోయాడు మహానుభావుడు. మందు కూరి, గుండు బిగించి పక్కన పెట్టాడు.

పదకొండింటికి ఎవరో తలుపు కొట్టారు.

చెప్పుల్లేని ఓ ముసలామె. మోకాళ్ల దాకా దుమ్ము. కళ్ల మీద తెల్లటి పొరలు.

"నేను సత్తెమ్మను సారూ, నానక్‌రామ్‌గూడ. ఆటోలు లేవు గదా, పొద్దుగాల్ల బయలెల్లి నడుసుకుంట వచ్చిన. మా మనుమడు ఆకాష్‌గాడు నా డబ్బాల సామానంత పాత ఇత్తడి కింద అమ్మిండు. అండ్ల లక్క పెట్టిన గొట్టం ఒకటుండె. దుకానపాయన మీ ఇల్లు జెప్పిండు."

"అలాంటిదేం లేద..."

ఆమె వినిపించుకోలేదు. గడప మీద కూలబడి, గుసగుసగా చెప్పుకుపోయింది.

"మా పెంటయ్యకు ఏడేండ్లు. అరవై తొమ్మిది తెలంగాణ గడ్‌బడిల తమాషా సూడ రోడ్డుమీదికి వోయిండు. ఎవడో తుపాకి పేల్చిండు. గొట్టం ఎగిరి పడ్డది. మెరుస్తది గదా, ఏరుకుందామని ఉరికిండు. గొట్టం చేతికి దొరికింది... రెండో దెబ్బ వానికి తాకింది. పిడికిలి నేనే ఇప్పిన సారూ. వాని ఎంటికెలు అండ్ల పెట్టి లక్క పోసిన. అప్పటిసంది వాడు అండ్లనే ఉన్నడు. ఇగ నా దినాలు దగ్గరికొచ్చినయ్. నా చేతులతోని వాణ్ని మా భూమిల, మా పెద్దోళ్లల్ల గలపాలె. లేకుంటే ఆగమైతడు."

"కాల్చిందెవరు?" అడిగాడు కిరణ్ పాల్.

"ఎవలకెరుక!"

కిరణ్ పాల్‌కు ఎరుకే. అరవై తొమ్మిదిలో ఆ తుపాకి ఎవరి చేతిలో ఉందో ఇంట్లో అందరికీ ఎరుకే. ఈ మాట జాస్మిన్ చెవిన పడితే? తూటాల సంగతి బయటపడితే? ఇంకొకడైతే కాళ్లు పట్టుకునేవాడు. ఈయన తెలివి ఉపయోగించాడు.

"ఉండండమ్మా, తెస్తాను," అన్నాడు మర్యాదగా.

లోపలికెళ్లి ఇంకో ఖాళీ గొట్టం తీశాడు. వెంట్రుకలు కావాలి. అద్దం ముందు దువ్వెనకు కరుణ వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, పొద్దున తల దువ్వినవి. వెంట్రుకలంటే వెంట్రుకలే కదా! ఉండచుట్టి కూరాడు. పెకలించిన లక్కనే కరిగించి మూతి మీద పోశాడు. ముసలిదానికి ఎలాగూ చూపు సరిగా ఆనదు. తన తెలివికి తనకే నవ్వొచ్చింది.

సత్తెమ్మ ఆ గొట్టాన్ని తడిమింది, ముద్దు పెట్టుకుంది, చెవి దగ్గర పెట్టుకుంది. మెల్లగా ఆమె ముఖం మాడిపోయింది.

"ఏడుస్తుండు సారూ. ఇన్నేండ్లు ఎన్నడు ఏడ్వలే."

"ఎండన పడి వచ్చారు. చెవులు హోరెత్తుతాయి. వెళ్లిరండి."

ఆమె కొంగున ముడేసుకుని మెట్లు దిగింది.

అప్పటికే కరుణ హాల్లో బొమ్మల మధ్య నిద్రపోయింది. భోజనానికి లేపితే లేవలేదు. పడుకోనీలే అనుకున్నారు. నాలుగింటికి జాస్మిన్ కేక వేసింది.

పిల్ల లేచి కూర్చుంది. కుడి పిడికిలి బిగించి ఉంది. గది మూలమూలా చూస్తోంది, కొత్త ఇంటికి వచ్చినట్టు.

"మా అవ్వ యాడ?"

గొంతు కరుణది. మాట కరుణది కాదు.

"కరుణా, ఏంటమ్మా ఆ మాటలు?" అంది జాస్మిన్.

"కరుణ ఎవలు?"

కిరణ్ పాల్ దగ్గరికి వెళ్లాడు. పిల్ల అతని చేతినే చూసింది. చూపుడు వేలును.

"గీ ఏలుతోనే... నన్ను నీళ్లల్ల కుక్కినవ్ గదా."

కిరణ్ పాల్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. అది పెంటయ్య. మరి కరుణ...? దువ్వెన. లక్క. కొంగున ముడి.

"ఏవండీ, ఆస్పత్రికి తీసుకెళ్దాం! ఏవండీ!" జాస్మిన్ అరుస్తూనే ఉంది. అప్పటికే బండి కదిలింది.

కొత్తగూడ దగ్గర రోడ్డుకడ్డంగా టైర్లు కాలుతున్నాయి. నల్లటి పొగ, కాలిన రబ్బరు కంపు. పిల్లకు బాగాలేదని దండం పెట్టి, బతిమాలి, ఏడ్చి దాటాడు. ఆ ఏడుపు మాత్రం నిజమే. రాయదుర్గం వచ్చేసరికి పొద్దు వాలింది. అద్దాల మేడల్లో ఒక్క దీపం లేదు. నానక్‌రామ్‌గూడలో ఒకరిద్దరిని అడిగితే, రెండు పెద్ద భవనాల మధ్య మిగిలిన తుప్పల జాగా చూపించారు.

సత్తెమ్మ అక్కడే కూర్చుని ఉంది. పక్కన నేలలోంచి లేచిన జానెడు ఇనుప గొట్టం. ఎండిపోయిన బోరు.

"అమ్మా! ఆ తూటా ఇచ్చెయ్యండి. మీ బాబుది కాదు. నేను మోసం చేశాను. అది మా పాప... మీ బాబు మా ఇంట్లో ఉన్నాడు..."

సత్తెమ్మ బోరు గొట్టాన్ని తడిమింది.

"మా ఇల్లు, మా పొయ్యి గిక్కడనే ఉండె," అంది. "గందుకే గిండ్ల ఏసిన. ఇప్పుడే."

"ఎంత లోతు?"

"ఎనిమిది నూర్ల ఫీట్లు తవ్విన్రు. సుక్క నీళ్లు పడలే."

అతను గొట్టంలోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు. ఆమె లేచి చేతులు దులుపుకుంది. పొరలు కమ్మిన ఆ కళ్లలో మెల్లగా వెలుగు వచ్చింది.

"మా పెంటయ్య మీ ఇంట్ల ఉన్నడా? నడుస్తుండా? మాట్లాడుతుండా?" సంతోషంగా అడిగింది. "వానికి ఆకలైతుండొచ్చు. నేను పోత."

పోయింది. హఫీజ్‌పేట వైపు, వచ్చినప్పటికంటే వడివడిగా.

కిరణ్ పాల్ బోరు మూతికి చెవి ఆనించాడు. లోపలినుంచి వెచ్చటి గాలి. కొబ్బరినూనె వాసన. తర్వాత... ఎక్కడో కింద... చాలా కింద...

"నాన్నా..."

"కరుణా! నేనే తల్లీ! ఇక్కడే ఉన్నా!"

"నాన్నా, వీళ్లు నా జడ లాగుతున్నారు. వద్దని చెప్పు."

"ఎవరు? ఎవరమ్మా లాగేది?"

కింద ఎవరో నెమ్మదిగా, పెద్దవాళ్లు పిల్లల్ని ఊరుకోబెట్టినట్టు, "ష్..." అన్నారు.